అరిసెలు ఎప్పుడు చేద్దాం, డాక్టరమ్మా?

(గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లల ఎదుగుదల గురించి మహాసభల వైద్య సదస్సులో చేసిన ప్రసంగం)



పక్క హాల్లో వధూవరుల పరిచయ వేదిక నడుస్తోంది. కింద భోజనాలు మొదలయ్యాయని ఇందాకే మైకులో చెప్పారు. అయినా మీరింతమంది ఈ గదిలో కూర్చున్నారంటే, మీ ఇంట్లోనో, మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇంట్లోనో పుట్టుకతో గుండెలో లోపం ఉన్న బిడ్డ ఒకరు ఉండి ఉంటారని నా ఊహ. అందులో వింతేమీ లేదు. వెయ్యిమంది పిల్లలు పుడితే వాళ్ళలో ఎనిమిది నుంచి పదిమందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలామందివి చిన్న చిన్న రంధ్రాలు, వాటంతట అవే పూడిపోయేవి. కొందరికి మాత్రం మొదటి ఏడాదిలోనే గుండె తెరిచి ఆపరేషన్ చెయ్యాలి. ఈ రోజు నేను మాట్లాడేది ముఖ్యంగా ఈ రెండో రకం పిల్లల గురించి.

ముందే ఒక మాట చెప్పాలి. నేను గుండె డాక్టర్ని కాను, సర్జన్ని అసలే కాను. జలుబులు, విరేచనాలు, టీకాలు చూసుకునే మామూలు పిల్లల డాక్టర్ని. 2003 నుంచి 2019 దాకా సౌదీ అరేబియాలో, జిద్దా నగరంలోని అల్ అజీజియాలో ఒక పాలీక్లినిక్కులో పనిచేశాను. హజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు అజీజియా అనగానే మక్కాలోది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. జిద్దా అజీజియా అంటే మనవాళ్ళూ పాకిస్తానీలూ కుటుంబాలతో ఉండే పేట. ఇండియన్ స్కూలు అక్కడే కాబట్టి పిల్లలున్న సంసారాలన్నీ ఆ చుట్టుపక్కలే ఇళ్ళు వెతుక్కునేవి. షరఫియాలో మలయాళం వినిపించినట్టు అజీజియా సందుల్లో హైదరాబాదు ఉర్దూ, మధ్యమధ్య కరీంనగర్ తెలుగు, కడప తెలుగు, గోదావరి తెలుగు వినిపించేవి. క్లినిక్కు పొద్దున కొంతసేపు, మళ్ళీ సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత రాత్రి పది దాకా. తెలుగు మాట్లాడే పిల్లల డాక్టరు ఉందని తెలిసి ఊరి ఆ చివర నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆపరేషన్లు పెద్ద ఆస్పత్రుల్లో జరిగేవి. టీకాలకీ దగ్గులకీ మాత్రం నా దగ్గరికే. అందుకని గుండె ఆపరేషన్ అయిన పిల్లలను సర్జన్లకంటే నేనే ఎక్కువసార్లు చూశాను. చూసి కూడా చూడవలసింది చూడలేదు. ఆ సంగతే చెబుదామని వచ్చాను.

2012 ఫిబ్రవరిలో పుట్టిన ఒక బాబు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టాడు. ఊపిరితిత్తులకు వెళ్ళవలసింది ఒంటికీ, ఒంటికి వెళ్ళవలసింది ఊపిరితిత్తులకూ. పుట్టిన రెండో వారంలో ఆపరేషన్ చేసి ఆ నాళాలను మార్చి కుట్టారు. మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది, ఈ రోజుకీ ఆ గుండెకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళ నాన్న ఒక కంపెనీలో అకౌంటెంటు, అమ్మ డిగ్రీ చదివిన పిల్ల. వాళ్ళది గోదావరి జిల్లా.

మన పెద్దవాళ్ళ అలవాటు మీకు తెలిసిందే. పిల్లవాడు నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. ఊరును బట్టి, ఇంటిని బట్టి పిండివంట మారుతుంది గానీ వరస అదే. నేను చదువుకున్న పుస్తకాల్లో ఎదుగుదల పట్టిక అని ఏది ఉందో అదే ఇది, కాకపోతే బెల్లంతో రాసింది. ఏ నెలలో ఏది రావాలో అమ్మమ్మలకూ నాయనమ్మలకూ తెలుసు. ఆ వంట ఆలస్యమైతే వాళ్ళ మనసు కీడు శంకించేది. పిల్లవాడు అజీజియాలో మూడో అంతస్తు ఫ్లాటులో, నాయనమ్మ రాజమండ్రి పక్కన పల్లెలో ఉంటే ఆ శంక ఫోనులో రావాలి.

వచ్చింది కూడా. బాబుకు పదహారు నెలలప్పుడు టీకాకి తీసుకొచ్చి ఆ అమ్మాయి నవ్వుతూనే అడిగింది: "మా అత్తగారు వారం వారం ఫోన్ చేసి అరిసెలు ఎప్పుడు చేద్దామే అంటున్నారు. ఏం చెప్పమంటారు డాక్టరమ్మా?"

నేను బాబు వీపు తట్టి, "గుండె ఆపరేషన్ అయిన పిల్లాడమ్మా, అన్నీ కాస్త ఆలస్యంగానే వస్తాయి. తొందరేముంది?" అన్నాను.

పందొమ్మిదో నెలలో నడిచాడు. అరిసెలు డబ్బాలో సర్ది ఎవరిచేతో పంపించారు, నాకూ నాలుగు వచ్చాయి. ఆ అరిసెల తీపిలో పంచదార చిలకల సంగతి అందరం మరిచిపోయాం. రెండేళ్ళు దగ్గరపడుతున్నా ఒక్క మాట లేదు. అడిగితే మళ్ళీ నా దగ్గర జవాబు సిద్ధం: ఇంట్లో తెలుగు, మెట్ల దగ్గర అరబ్బీ, టీవీలో ఇంగ్లీషు, పిల్లాడు తికమక పడుతున్నాడు, మూడేళ్ళకు గడగడా మాట్లాడతాడు.

2014 జులైలో సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు, ఎవరో బంధువుల మాట మీద హైదరాబాదులో చెవి పరీక్ష చేయించారు. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తగ్గి ఉంది. తిరిగి వచ్చాక ఆ అమ్మాయి రిపోర్టు నా బల్ల మీద పెట్టింది. కేకలు వెయ్యలేదు, నిష్ఠూరమాడలేదు. "మీరు అప్పుడే చూపించమని అని ఉంటే బాగుండేది కదా" అంది, అంతే. పదహారో నెల నుంచి ఇరవై తొమ్మిదో నెల దాకా పదమూడు నెలలు. పసిపిల్లల మెదడు మాటలు పట్టుకునే వయసులో పదమూడు నెలలు పోయాయి.

పుట్టినప్పుడు చెవి పరీక్ష చెయ్యలేదా అని మీరు అడగవచ్చు. చేశారు, ప్యాసయ్యాడు. కానీ ఐసీయూలో ప్రాణం కాపాడటానికి వాడే కొన్ని యాంటీబయాటిక్కులు, ఒంట్లో నీరు తియ్యటానికి ఇచ్చే కొన్ని మందులు లోపలి చెవిని దెబ్బతీయగలవు. ఆ దెబ్బ కొందరిలో నెలల తర్వాత బయటపడుతుంది. మందులు ఇవ్వటం తప్పు కాదు, ఇవ్వకపోతే బిడ్డ దక్కడు. తర్వాత మళ్ళీ చెవి చూడాలని గుర్తుపెట్టుకోకపోవటం తప్పు. ఆ తప్పు నాది.

ఆ తర్వాతే నేను చదవటం మొదలుపెట్టాను. చదివితే తెలిసిందేమిటంటే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ విషయం మీద 2012లోనే ఒక పెద్ద పత్రం వెలువరించింది, అంటే ఆ బాబు పుట్టిన సంవత్సరమే. 2024లో దాన్ని తిరగరాసి, పిల్లలతో ఆపకుండా పెద్దవాళ్ళయ్యేదాకా పొడిగించారు. దాని సారం చెప్పబోయే ముందు, గుండెలో లోపానికీ మాటకూ నడకకూ సంబంధమేమిటని చాలామంది తల్లులు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను.

తల్లి కడుపులో మాయ నుంచి వచ్చే మంచి రక్తంలో మేలైన వాటా బిడ్డ మెదడుకు వెళ్ళేలా ప్రకృతి ఏర్పాటు చేసింది. రక్తనాళాలు తారుమారైన బిడ్డలో ఆ ఏర్పాటు తిరగబడుతుంది. మంచి రక్తం ఊపిరితిత్తుల వైపూ కింది భాగానికీ పోతుంది, ప్రాణవాయువు తక్కువున్న రక్తం మెదడుకు చేరుతుంది. గుండె ఎడమ భాగం సరిగా ఎదగని పిల్లల్లో మెదడుకు చేరే రక్తమే తగ్గిపోతుంది. ఇలాంటి బిడ్డలు నెలలు నిండి పుట్టినా, ఆపరేషన్‌కి ముందే స్కానింగ్ తీసి చూస్తే మెదడు సుమారు నెల రోజుల ముందు పుట్టిన బిడ్డ మెదడులా ఉందని 2000 దశకంలో జరిగిన పరిశోధనల్లో తేలింది. ఇది తల్లులు ముఖ్యంగా వినాలి. గర్భంతో ఉన్నప్పుడు నేనేం తిన్నానో, ఏ మందు వేసుకున్నానో, ఆపరేషన్‌కి ఒప్పుకుని తప్పు చేశానేమో అని కుమిలిపోయే తల్లులను ఎంతమందిని చూశానో. ఆపరేషన్ వల్ల వచ్చింది కొంతే. మిగతాది కడుపులోనే మొదలైంది.

ఆ మీద గుండె ఆపి యంత్రం మీద నడపటం, రోజుల తరబడి ఐసీయూ, ముక్కులో గొట్టంతో పాలు, కొందరికి మూర్ఛలు. కొందరిలో ఆపరేషన్లో గొంతు నరం దెబ్బతిని ఏడుపు బొంగురు పోతుంది, మింగటం కష్టమవుతుంది. కొందరిలో గుండె లోపం ఒంటరిగా రాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగంమందికి గుండె లోపం ఉంటుంది. వాళ్ళకు ఎదుగుదల ఆలస్యానికి మూలం వేరే ఉంది.

ఇక ఇంట్లో జరిగేది. దీని గురించి పుస్తకాల్లో అంతగా రాయరు గానీ, అజీజియా ఇళ్ళల్లో నేను పదేపదే చూసింది ఇదే. ఎదురొమ్ము ఎముక కోసి ఆపరేషన్ చేస్తారు కనుక, ఎముక అతుక్కునేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు బిడ్డను చంకల కింద చేతులు పెట్టి ఎత్తవద్దని, మెడ కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి వేసి ఎత్తమని ఆస్పత్రిలో చెబుతారు. చెప్పింది ఎనిమిది వారాలు. మన తల్లులు పాటించేది ఏడాది. కుట్టు మీద బరువు పడుతుందని బోర్లా వెయ్యరు. ఏడిస్తే గుండెకు కష్టమని ఏడవనివ్వరు, ఏడవకుండా ఉండటానికి చంక దించరు. పది నెలలు వచ్చినా ఒక్కసారి కూడా నేల మీద బోర్లా పడుకోని బిడ్డను నేను చూశాను. మరి మెడ ఎలా నిలుస్తుంది, భుజాలు ఎలా గట్టిపడతాయి, ఎలా దోగాడుతుంది? ఆ బిడ్డ గుండెలో రంధ్రం మూసేశారు, మెదడుకు ఏ లోటూ లేదు. లోటల్లా నేల దొరకకపోవటమే. సర్జన్ దగ్గర అనుమతి తీసుకుని, నేల మీద దుప్పటి పరిచి, వాళ్ళమ్మను కూడా ఎదురుగా బోర్లా పడుకోమన్నాను. నెలన్నరలో ఆ పాప గది దాటింది. అన్ని కథలూ ఇంత సులభంగా ముగియవు, ఇది ముగిసింది కనుక చెప్పాను.

భయపెట్టటం నా ఉద్దేశం కాదు. ఈ పిల్లల్లో చాలామంది చక్కగా చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. బోస్టన్‌లో 1988 నుంచి 1992 దాకా, ఇందాక చెప్పిన నాళాల తారుమారుతో పుట్టి ఆపరేషన్ అయిన 171 మంది పసిపిల్లలను ఎంచుకుని, పదహారేళ్ళ వయసు దాకా వెంట ఉండి చూశారు. ఆపరేషన్ సమయంలో రక్తప్రసరణ పూర్తిగా ఆపటం మంచిదా, యంత్రంతో కొద్దిగా నడపటం మంచిదా అని తేల్చటానికి మొదలుపెట్టిన పరిశోధన అది. పదహారేళ్ళు వచ్చేసరికి ఆ రెండు పద్ధతుల మధ్య పెద్ద తేడా కనపడలేదు. పిల్లల సగటు తెలివితేటలు కూడా మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. కానీ వాళ్ళలో సగంమందికి పైగా ఏదో ఒక దశలో చదువులోనో ప్రవర్తనలోనో ప్రత్యేక సాయం అవసరపడింది. ఏకాగ్రత నిలవకపోవటం, పనిని వరసగా ముక్కలు చేసుకుని పూర్తిచెయ్యలేకపోవటం, బొమ్మ చూసి గీయలేకపోవటం, ఎదుటివాడి మొహంలో భావం పట్టుకోలేకపోవటం, ఇలాంటివి. మార్కులు పడిపోయేదాకా వీటిని ఇంట్లో బద్ధకం అంటారు, బళ్ళో అల్లరి అంటారు.

ఇప్పుడు పరీక్షల సంగతి. బియ్యం బాగుచెయ్యటం ఈ తరంవాళ్ళకు తెలియదు గానీ మీలో నా వయసువాళ్ళకు తెలుసు. ముందు జల్లెడ పడతాం, అవసరమైతే చేటలో పోసుకుని వేళ్ళతో రాయి ఏరతాం. స్క్రీనింగ్ అనేది జల్లెడ. పది పదిహేను నిమిషాల పని, తల్లిదండ్రులే నింపే ప్రశ్నావళి చాలు. జల్లెడలో మిగిలిందల్లా రాయి కాదు. స్క్రీనింగ్‌లో తప్పినంత మాత్రాన బిడ్డకు ఏదో జబ్బని అర్థం కాదు, చేటలో పోసి చూడమని అర్థం. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ ప్రతి బిడ్డకూ, గుండె లోపం ఉన్నా లేకున్నా, 9, 18, 30 నెలలకు ఈ జల్లెడ పట్టమంటుంది. 18, 24 నెలలకు ఆటిజం కోసం విడిగా ఇంకొకటి.

గుండె పిల్లల్లో ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకు జల్లెడతో సరిపెట్టవద్దు, నేరుగా చేటలోకి రండి అన్నది 2012 పత్రం చెప్పిన ముఖ్యమైన మాట. తల్లిదండ్రులకు అనుమానం ఉన్నా లేకపోయినా నిపుణులచేత పూర్తి పరీక్ష చేయించాలి. ఎవరికంటే, మొదటి ఏడాదిలో గుండె తెరిచి ఆపరేషన్ అయినవాళ్ళకు; ఒళ్ళు నీలంగా మారే జబ్బు ఉండి ఇంకా ఆపరేషన్ కానివాళ్ళకు; గుండె లోపంతోపాటు నెలలు నిండకుండా పుట్టినా, జన్యుపరమైన తేడా ఉన్నా, ఆపరేషన్ ముందూ వెనకా మూర్ఛలు వచ్చినా, గుండె ఆగి మళ్ళీ కొట్టుకునేలా చెయ్యవలసి వచ్చినా, ఆపరేషన్ తర్వాత రెండు వారాలకు మించి ఆస్పత్రిలో ఉన్నా వాళ్ళకు. చిన్న రంధ్రం ఉండి తనంతట పూడిపోయిన బిడ్డకు ఇదంతా అక్కర్లేదు. అందరు పిల్లలకూ పట్టే జల్లెడ చాలు.

ఎప్పుడు అన్నదానికి మూడు వయసులు చెప్పారు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు ఒకసారి, మూడు నుంచి అయిదేళ్ళ మధ్య ఒకసారి, పదకొండు పన్నెండేళ్ళకు ఒకసారి. నేను దీన్ని అజీజియా తల్లులకు మన లెక్కలో చెప్పేదాన్ని. పుట్టువెంట్రుకలు తీయించిన ఏడాది లోపల ఒకటి, అక్షరాభ్యాసానికి ఒకటి, ఆరో క్లాసుకు ఒకటి. హైదరాబాదు ముస్లిం కుటుంబాలకు రెండోది చెప్పటం మరీ తేలిక. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు పిల్లలకు బిస్మిల్లా చేస్తారు కదా, ఆ దావత్‌కి ముందు వారం పరీక్ష చేయించుకు రమ్మనేదాన్ని. మరిచిపోయినవాళ్ళు లేరు.

ప్రశ్నావళితో నాకు వచ్చిన తంటా వేరు. ఏఎస్‌క్యూ అని ప్రపంచమంతా వాడే ప్రశ్నావళి ఉంది, బాగానే ఉంటుంది. కానీ అది పుట్టింది అమెరికాలో. స్పూనుతో ఒలకబోయకుండా తింటాడా అని అడుగుతుంది. మన పిల్లాడికి రెండేళ్ళకు స్పూను ఎవరిస్తారు? అమ్మ కలిపి ముద్దలు పెడుతుంది. మెట్లెక్కుతాడా అంటుంది. లిఫ్టున్న బిల్డింగులో మెట్లు ఎవరెక్కిస్తారు? దాంతో ఏమీ చేతకాని పిల్లాడిగా లెక్క తేలుతాడు. మరోవైపు, ఇంగ్లీషు చదవలేక సిగ్గుపడి అన్నిటికీ 'అవును' అని గీసేసిన తల్లులూ ఉన్నారు. అందుకని నేనే కూర్చుని తెలుగులో అడిగేదాన్ని. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? దోబూచులాడితే మళ్ళీ ఆడమని మొహం చూస్తాడా? తారంగం ఆడతాడా? మరమరాలు వేస్తే రెండు వేళ్ళతో ఏరుకుంటాడా? కావలసింది వేలుపెట్టి చూపిస్తాడా, లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళతాడా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు తల్లి మొహం చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోయేది.

మన దేశంలోనే తయారైన సాధనం కూడా ఒకటుంది. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌వాళ్ళు 1991లో రెండేళ్ళ లోపు పిల్లలకు పదిహేడు అంశాలతో ఒకే పేజీ పట్టిక తయారుచేశారు. 2013లో దాన్ని ఆరేళ్ళ దాకా పొడిగించారు. అంగన్‌వాడీ టీచరు కూడా అయిదు నిమిషాల్లో చూడగలిగేది. షరఫియాలో ఉండే ఒక మలయాళీ నర్సు నాకు ఆ కాగితం ఇచ్చింది. గల్ఫులో మనం మలయాళీలను చూసి నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి గానీ అది ఇంకో సదస్సుకు.

మూడు భాషల వల్ల మాట ఆలస్యమైందని నేను ఆ బాబు తల్లికి చెప్పాను కదా. అది కూడా తప్పే. ఇంట్లో రెండు మూడు భాషలు వినటం వల్ల పిల్లలకు మాటల జబ్బు రాదు. రెండు భాషలూ కలిపి లెక్కపెడితే ఏకభాష పిల్లలతో దాదాపు సమానంగానే మాటలుంటాయి. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి "అమ్మా బువ్వ" అనలేని బిడ్డకు, వాడు జిద్దాలో ఉన్నా జెర్సీ సిటీలో ఉన్నా, ముందు చెవి చూడాలి. ఇక్కడ ఎవరైనా డాక్టరు తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటే ఇంకొక డాక్టర్ని చూసుకోండి.

2017 జులైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద రుసుము పెట్టింది. మనిషికి నెలకు 100 రియాళ్ళు, ఏటా వంద పెంచుతూ 2020కి 400. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే మొదటి ఏడు నెలకు 300, నాలుగో ఏటికి 1200. చిన్న జీతాలవాళ్ళు మోయలేకపోయారు. ఆ రెండేళ్ళలో అజీజియా ఎలా ఖాళీ అయిందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఫ్రిజ్జులు, మంచాలు ఫుట్‌పాత్‌ల మీద అమ్మకానికి పెట్టారు. తండ్రులు బ్యాచిలర్ గదుల్లోకి మారారు, తల్లీపిల్లలు విమానమెక్కారు. నా దగ్గర గుండె ఆపరేషన్ అయిన పిల్లలు పదకొండుమంది ఉండేవాళ్ళు, వాళ్ళలో తొమ్మిదిమంది వెళ్ళిపోయారు.

వాళ్ళ చేతుల్లో ఏముంది? ఎకో సీడీ ఒకటి, సగం అరబ్బీ సగం ఇంగ్లీషు డిశ్చార్జి కాగితాలు బొత్తెడు. ఊళ్ళో డాక్టరు ఆ సీడీ చూసి గుండె బాగుందమ్మా అంటాడు, అది నిజమే. తర్వాత బడి. బడివాళ్ళకు ఆపరేషన్ సంగతే తెలియదు, తెలిస్తే చేర్చుకోరేమోనని తల్లి చెప్పదు. బిడ్డ ఒకటే, ఫైళ్ళు మూడు దేశాల్లో, ఎదుగుదల చూడవలసిన బాధ్యత ఎవరి ఫైల్లోనూ లేదు.

అప్పుడు నేను చేసింది చాలా చిన్న పని. ప్రతి కుటుంబానికీ ఒకే ఒక్క కాగితం, ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో. లోపం పేరు, ఆపరేషన్ పేరు, తేదీ. గుండె యంత్రం మీద పెట్టారా? ఐసీయూలో ఎన్ని రోజులు? మూర్ఛలు వచ్చాయా? చెవిని దెబ్బతీయగల మందులు వాడారా? చివరి చెవి పరీక్ష ఎప్పుడు? అడుగున మూడు గళ్ళు, మూడు వయసులకు, ఒక్కొక్క దానిలో పరీక్ష చెయ్యవలసిన తేదీ. అంతే. లామినేషన్ చేయించి ఇచ్చేదాన్ని, రెండు రియాళ్ళు ఖర్చు.

ఊరికి చేరాక ఎక్కడికి వెళ్ళాలి? మన ప్రభుత్వాలను తిట్టటం సులువు గానీ, ఈ విషయంలో ఉన్నది చెప్పుకోవాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదపిల్లల గుండె ఆపరేషన్లకు దారి దొరికింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళ పిల్లల గుండె ఆస్పత్రి 2021 అక్టోబరులో ప్రారంభమైంది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలూ ఉన్నాయి, ఎదుగుదల ఆలస్యాలూ ఉన్నాయి, రెండూ ఒకే పథకంలో. దానికింద జిల్లా ఆస్పత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు, ఫీజు లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, చెవి, మాట పరీక్షల కోసం అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే. చిక్కల్లా ఒకటే. గుండె కోసం ఒక గుమ్మం, ఎదుగుదల కోసం ఇంకో గుమ్మం, ఆ రెంటి మధ్య నడవవలసింది తల్లి. ఆమెకు రెండో గుమ్మం ఉందని ఎవరూ చెప్పరు.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క. మూడేళ్ళ లోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంది. డాక్టరు రాయక్కర్లేదు, మీరే ఫోను చెయ్యవచ్చు. పరీక్షకు డబ్బు తీసుకోరు, మీ వీసా ఏమిటన్నది దానికి అడ్డు కాదు. మూడేళ్ళు దాటితే మీ స్కూల్ డిస్ట్రిక్టును అడగాలి. మా అమ్మాయి స్నేహితుల్లో ఒకరు, బిడ్డ పేరు రికార్డుల్లోకి ఎక్కుతుందని, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని ఏడాదిన్నర ఆగారు. మన సంఘంలో ఇంకా ఇదే నడుస్తోంది. గుండె ఆపరేషన్ అయిందని పదిమందికీ ధైర్యంగా చెబుతాం, స్పీచ్ థెరపీకి వెళుతున్నామని మాత్రం పక్కింటికి కూడా చెప్పం.

ఆ బాబు సంగతి చెప్పలేదు. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకున్నాడు, మూడేళ్ళు మాటల శిక్షణ తీసుకున్నాడు. పంచదార చిలకలు నాలుగో ఏట వచ్చాయి. వాళ్ళూ 2018లో వెళ్ళిపోయారు. ఇప్పుడు టీనేజి పిల్లాడు, లెక్కలు బాగా చేస్తాడట, తెలుగు డిక్టేషన్ మాత్రం తప్పులే. వాళ్ళమ్మ పండగకి ఫోను చేస్తుంది. ఆ పదమూడు నెలల గురించి తను మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండు నెలల క్రితం ఇంకొక తల్లి దగ్గర నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. 2017లో కరీంనగర్ వెళ్ళిపోయిన కుటుంబం. నీలంగా పుట్టిన పాప, ఎనిమిదో నెలలో ఆపరేషన్. ఫోటోలో నేనిచ్చిన కాగితమే, లామినేషన్ అంచులు లేచిపోయి పచ్చబడింది. మొదటి రెండు గళ్ళలో తేదీలూ సంతకాలూ ఉన్నాయి. మూడోది ఖాళీ. కింద మెసేజి: "మేడం, పాప ఆరో క్లాసుకొచ్చింది. మంచిగనే చదువుతది గని ఒక్కతాన కూసోదు. మూడో గడి ఇప్పుడే కదా? యాడికి పోవాలె?"

అడ్రసు పంపించాను. పోయిన మంగళవారం వెళ్ళొచ్చారు, రిపోర్టు ఇంకా రాలేదు.

ఆ కాగితం నమూనాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. కావలసినన్ని తీసుకోండి.